గుర్రం వెనక కాళ్లు

పెళ్లిచూపుల్లో తొమోయె ఒకే ఒక్క అబద్ధం ఆడింది. అదీ సరదాపడి ఆడలేదు. తకమత్సు స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో, పెద్దవాళ్లు "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని తోటలోకి తప్పుకున్నాక, ఎదుటి కుర్చీలోని యసుతక అనే మనిషి పావుగంట సేపు తన టీ కప్పునే చూస్తూ కూర్చున్నాడు. ఆ కప్పు మీద అంతసేపు చూడదగ్గ బొమ్మ కూడా లేదు. ఆ మౌనం భరించలేక ఆమె, "కాలేజీలో సినిమా సంఘంలో ఉండేదాన్నండీ. ఒక సినిమాలో నాయిక వేషం కూడా వేశాను," అంది. అతను అప్పుడు మొదటిసారి తలెత్తాడు. ఆ తలెత్తడంతోనే సంబంధం కుదిరిపోయింది.

తర్వాత ముప్పై అయిదేళ్లు ఆ అబద్ధాన్ని పోషించింది ఆమె కాదు, యసుతక. ఓడల కంపెనీలో ఉన్నన్నాళ్లూ ఏడాది చివరి విందుల్లో పై అధికారులకు "మా ఆవిడ ఒకప్పుడు సినిమాలో నాయిక" అని పరిచయం చేశాడు. రిటైరయ్యాక గో ఆట క్లబ్బులో చేరి అక్కడా చెప్పాడు. మామూలుగా రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి. అందులో నాలుగు దీనికే ఖర్చు పెట్టేవాడు.

నిజమేమిటంటే, 1984లో సంఘం తీసిన ఆ ఎనిమిది మిల్లీమీటర్ల సినిమాలో ఒక గుర్రం ఉంది. నిజం గుర్రాన్ని తెచ్చే తాహతు లేక గోధుమరంగు దుప్పట్లతో ఒకటి కుట్టారు. నాయిక చిజురు. గుర్రం ముందు కాళ్లు రిత్సుకో. వెనక కాళ్లు తొమోయె.

అక్టోబరులో ఒక ఉదయం రిత్సుకో ఫోన్ చేసింది.

"ఏమే వెనక కాళ్లూ, ఏం చేస్తున్నావ్?"

"వంకాయలు తరుగుతున్నా. చెప్పవే ముందు కాళ్లూ."

"రేవు దగ్గర పాత సోయా గిడ్డంగిలో నేను వేసిన బొమ్మల ప్రదర్శన పెడుతున్నా. మూతపడ్డ సినిమా హాళ్లు, ఇరవై రెండు బొమ్మలు. చివరి ఆదివారం మధ్యాహ్నం మన సినిమా కూడా వేస్తాం. కురెబయాషి వాళ్లింట్లో అటక మీద రీలు దొరికింది."

తొమోయె కత్తి కింద పెట్టింది. "ఎవరెవర్ని పిలిచావ్?"

"అందర్నీ. మీ ఆయనకి కార్డు వేరుగా వేశా. ఇన్నేళ్లూ నిన్ను భరించినందుకు ఆ మాత్రం మర్యాద చెయ్యొద్దూ."

అప్పుడే యసుతక పోస్టు డబ్బా దగ్గర్నుంచి వస్తూ, ఆ కార్డును రెండు చేతులతో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ సినిమా వేస్తున్నారట," అన్నాడు. కార్డు తిప్పి చూసి, "క్లబ్బులో ఒబాతా గారికీ మిగతావాళ్లకీ చెబుతాను. ఎప్పట్నుంచో అడుగుతున్నారు," అన్నాడు. అప్పటికే ఆనాటి పది మాటలూ దాటిపోయాయి.

ఆ పూట వంకాయ కూర మాడింది. కళ్లెదుట ఒకటే దృశ్యం. తెర మీద చిజురు ముఖం, గోడవారగా కూర్చున్న గో క్లబ్బు పెద్దమనుషులు, వాళ్ల మధ్య యసుతక. అతను కోప్పడడు. కోప్పడే మనిషయితే తేలికే. మళ్లీ టీ కప్పు కేసి చూడటం మొదలుపెడతాడు, ఈసారి పావుగంటతో ఆగడు.

రెండు రోజుల తర్వాత తొమోయె, రిత్సుకో, కురెబయాషి ముగ్గురూ స్టేషను సందులోని పాత కాఫీ హోటల్లో కలిశారు. కురెబయాషి ఆ సినిమాకు దర్శకుడు. తర్వాత కెమిస్ట్రీ మాస్టారై, రిటైరై, ఈమధ్యే కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. తొమోయె ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇద్దరూ నవ్వి నవ్వి, పక్క బల్లవాళ్లు తిరిగి చూసేదాకా నవ్వి, అప్పుడు కాస్త తగ్గారు.

"నాయికట," అంది రిత్సుకో కళ్లు తుడుచుకుంటూ. "ముందు కాళ్లు వేసిన నేనే ఎవరికీ చెప్పుకోలేదే తల్లీ."

"రీలు పాడైపోయిందని చెప్పరాదూ?" అంది తొమోయె.

"కార్డుల మీద అచ్చేయించా. పాడవడానికి వీల్లేదు."

"పాడైంది శబ్దమే," అన్నాడు కురెబయాషి. మాట వెంట సన్నటి ఈల కూడా వచ్చింది. "శబ్దమంతా క్యాసెట్‌లో వేరేగా ఉండేది కదా. దాని మీద నేను హైస్కూలు బేస్‌బాల్ ఫైనల్ రికార్డు చేసేశాను. మంచి మ్యాచిలే. అందుకని పాత మూగసినిమాల్లోలా తెర పక్కన నిలబడి నేనే కథ చెబుతాను, బెన్షిలాగా."

"ఆ పళ్లతోనా?" అంది తొమోయె మెల్లగా.

"పళ్లకేమైంది?"

"ఏం కాలేదు. సమురాయి శపథం చేసే ఘట్టంలో ఈల వేస్తే జనం ఎటు చూస్తారా అని."

కురెబయాషి నోరు మూసుకున్నాడు. రిత్సుకో తొమోయెను తేరిపార చూసింది. డిగ్రీ రెండో ఏడు పరీక్షల ముందు లైబ్రరీ గడియారం పావుగంట వెనక్కి తిప్పినప్పుడు కూడా ఈ పిల్ల ముఖం ఇలాగే అమాయకంగా ఉండింది.

"కథ నువ్వు చెబుతావా?" అంది రిత్సుకో.

"మీరంతగా అడిగితే," అంది తొమోయె.

"నా కథ మార్చకూడదు మరి," అన్నాడు కురెబయాషి, మళ్లీ ఈలతో.

"ఒక్క బొమ్మ కూడా మార్చను. ఒట్టు." మాటల సంగతి అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

చివరి ఆదివారం గిడ్డంగి నిండిపోయింది. తొమోయె ముందుగా వచ్చి బొమ్మలన్నీ చూసింది. రిత్సుకోకు బాగానే చెయ్యి తిరిగింది. టికెట్ల కిటికీ మీద దుమ్ము, చిరిగిన కుర్చీలోంచి తొంగిచూసే స్పాంజి, క్లాసు ఎగ్గొట్టి వాళ్లు వేడి చిలగడదుంపలు లోపలికి దాచుకుపోయిన హాలు, అన్నీ ఉన్నాయి. ఇరవై రెండో బొమ్మ దగ్గర మాత్రం ఆమె ఆగిపోయింది. దుప్పటి గుర్రం. కింద కార్డు మీద 'ముందు నేను, వెనక తొమోయె' అని ఉంది. ఇటూ అటూ చూసి, ఎవరో పంపిన పెద్ద పూలస్టాండును జరిపి దాని ముందు పెట్టింది. పూలు చాలకపోతే కొమ్మలు కొంచెం విప్పింది కూడా.

జనం కుర్చీల్లో సర్దుకున్నారు. యసుతక కోటు వేసుకుని వచ్చి, ఒబాతా గారినీ మరో ముగ్గుర్నీ వెంటబెట్టుకుని రెండో వరుసలో కూర్చున్నాడు. ఇక ప్రొజెక్టరు వేస్తారనగా, చేతికర్ర సాయంతో ఒక లావుపాటి ఆవిడ వచ్చి తిన్నగా మొదటి వరుస మధ్య కుర్చీలో కూలబడింది. హొక్కయిదో నుంచి మోకాళ్ల నొప్పుల వల్ల రాలేనని రాసిన చిజురు.

తొమోయె రిత్సుకో కేసి చూసింది. నాకేం తెలియదన్నట్టు రిత్సుకో పైకప్పు చూసింది.

దీపాలు ఆరాయి. రీలు కీచుమంటూ తిరిగింది. సముద్రపు ఒడ్డు, ఊదారంగు పట్టు కిమోనోలో ఇరవై ఏళ్ల చిజురు, పక్కన నడుస్తున్న గుర్రం. తొమోయె గొంతు సవరించుకుంది.

"పూర్వం సనుకి దేశంలో ఒక రాకుమారి ఉండేది. మాంత్రికుడి శాపం వల్ల ఆమె గుర్రమైపోయింది. అదిగో ఆవిడే. పక్కన పట్టుబట్టలు కట్టుకుని వస్తున్నది ఆమె దాసి. శత్రువుల కళ్లు కప్పడానికి యజమానురాలి బట్టలు తొడుక్కుంది. నమ్మకస్తురాలు, కాకపోతే కాస్త అలంకారం ఎక్కువ."

మొదటి వరుసలోంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడు వచ్చింది. తొమోయె అటు చూడలేదు. తెర మీద సమురాయి దాసి ముందు మోకరిల్లాడు. "పాపం, ఇతనికి చూపు తక్కువ," అంది తొమోయె. ఎక్కడో ఒకరు నవ్వారు. తర్వాత ఇసుకలో గుర్రం వెనక భాగం ఉన్నట్టుండి కూలబడింది. ఆనాడు ఎండ్రకాయ కన్నంలో కాలు పడింది. ఆ షాటు తీసేద్దామని కెమెరామన్ అంటే, ఇదే కళ అని కురెబయాషి ఉంచేశాడు.

"ఇక్కడ రాకుమారి దుఃఖం ఆపుకోలేకపోయింది. చూశారా, నిజమైన దుఃఖం ఎప్పుడూ వెనకనుంచే మొదలవుతుంది."

ఇప్పుడు హాలంతా నవ్వింది. చిజురు ఏడ్చే ఘట్టం వచ్చింది, మసకగా. "దాసి ముక్కు చీదుకుంటోంది. రాకుమార్తెలు అలా చీదరు." మొదటి వరుసలో చేతికర్ర టకటకమని రెండుసార్లు నేలకు తగిలింది. కోపమో నవ్వో ఆ చీకట్లో తెలియలేదు.

చివరి షాటులో గుర్రం సముద్రం కేసి నడిచిపోతుంది. కెమెరా ఆపడం ఎవరో మరిచిపోవడంతో అది చాలాసేపు నడుస్తుంది. తెరంతా దుప్పటి వెనకభాగం, దాని కింద రెండు కాళ్లు. ఇక్కడ చెప్పడానికి తొమోయె చమత్కారాలు మూడు సిద్ధం చేసుకుని వచ్చింది. కానీ ఆ చీకటి దుప్పట్లో రిత్సుకో తిన్న వెల్లుల్లి వాసన, "నవ్వకే, పడిపోతాం" అనుకుంటూ నవ్వుతూనే నడిచిన నడక, తను రెండు చేతులతో పట్టుకున్న రిత్సుకో నడుము, అన్నీ ఒక్కసారి ముక్కు దాకా వచ్చేశాయి.

"అలా వెళ్లిపోయింది మన నాయిక," అని మాత్రం అని ఊరుకుంది.

దీపాలు వెలిగాయి. చప్పట్లు ఇంకా ఆగకుండానే ఒబాతా గారు లేచి, "చాలా బాగుందండీ. మరి మేడం గారు ఏ పాత్ర?" అన్నారు. ఆయన వెటకారం తెలియని మనిషి. యసుతక తన చేతుల కేసి చూసుకుంటున్నాడు. తొమోయె నోరు తెరిచింది.

చిజురు కర్ర మీద బరువంతా వేసి లేచి, వెనక్కి తిరిగింది.

"ఇంకెవరండీ, నాయిక. నేను ఆవిడ దాసిని," అని, తొమోయె దగ్గరికి వచ్చి మోకాళ్లు సహకరించినంత మేరకు వంగి నమస్కరించింది. వంగినప్పుడు ఆమె చెవిలో, "నా ముక్కు సంగతి రాత్రి భోజనం దగ్గర మాట్లాడుకుందాం," అంది.

"అంటే గుర్రంలో ఉన్నది," అన్నారు ఒబాతా గారు కళ్లు పెద్దవి చేసి. "ముందా, వెనకా?"

"ముందు," అన్నాడు యసుతక, చేతుల మీంచి కళ్లెత్తకుండానే.

రిత్సుకో నోరు తెరుచుకుంది. కురెబయాషి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

రాత్రి స్నేహితుల విందుకి ఇంకా వేళ ఉండటంతో మొగుడూ పెళ్లాలిద్దరూ రేవు పక్క ఉడోన్ నూడుల్స్ కొట్టుకు వెళ్లారు. తలో గిన్నె తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. యసుతక సగం గిన్నె ఖాళీ చేశాడు. తొమోయె అతని గిన్నె మీది బొమ్మ కేసి చూస్తూ ఉంది.

"వెనక కాళ్లు నీవే," అన్నాడు అతను.

"పూల వెనక బొమ్మ చూశారా?"

"బొమ్మా? ఏ బొమ్మ?" అతను ఉల్లికాడలు ఒక పక్కకు జరిపాడు. "ఎడమ పాదం బయటికి వేస్తావు నువ్వు. ముప్పై అయిదేళ్లు సూపర్‌మార్కెట్‌లో సంచులు మోస్తూ నీ వెనకాలే కదా నడిచాను. మొదటి షాటులోనే తెలిసింది."

తొమోయె చేతిలోని చాప్‌స్టిక్స్ గిన్నెకు ఆనించింది. "మరి ముందు అని ఎందుకన్నారు?"

"ఇన్నేళ్లూ నాయిక అని చెప్పుకున్నవాణ్ణి. ఉన్నట్టుండి ఒక్కసారే వెనక కాళ్ల దాకా దిగలేను."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పులుసు తాగింది. అది తప్పుదారిన పోయి దగ్గొచ్చింది. అతను వీపు తట్టాడు.

అప్పుడే ఫోను మోగింది. రిత్సుకో సందేశం. 'ముందు కాళ్లు నావి. మర్యాదగా తిరిగి ఇచ్చెయ్యి.'

తొమోయె ఫోను బోర్లా పెట్టింది.

"ఎవరు?" అన్నాడు యసుతక.

"ఎవరో గుర్రం," అంది, అతని గిన్నెలోని రొయ్య వేపుడు తీసుకుంటూ.