పద్నాలుగు లోపల, ఐదు బయట

కారు ముందుభాగం విప్పి ఐదు నెలలయింది. దాని బానెట్ మా భోజనాల గదిలో గోడకు ఆనించి ఉంది. దాని వెనక ఊడ్వలేను, ముందు కుర్చీ వేయలేను. రబ్బరు గొట్టాలు బట్టలారేసే స్టాండు మీద, వాటిని బిగించే క్లాంపులు బిస్కెట్ల డబ్బాలో, అల్యూమినియం రజను ఇల్లంతా. ఆ రజను గుచ్చుకోదు, అంటుకుంటుంది. దుప్పటి దులిపితే మెరుస్తుంది.

మా ఆయన ఏసీ మెకానిక్. పొద్దంతా ఎవరెవరి గదులో చల్లబరిచి వచ్చి, సాయంత్రం ఈ కారులోకి పోయే గాలిని చల్లబరచడానికి కూర్చుంటారు. అది టర్బో ఉన్న స్పోర్ట్స్ కారు. ఇద్దరికే చోటు. మాకంటే ముందు ముగ్గురు నడిపి, విసిగి వదిలేశారు. టర్బో గాలిని దట్టించి ఇంజన్లోకి తోస్తుందట. దట్టించిన గాలి వేడెక్కి పలచనవుతుంది, దాంతో ఇంజన్‌కు బలం రాదు. దారి మధ్యలో ఆ గాలిని చల్లార్చే రేకుల పెట్టే ఇంటర్‌కూలర్. “పాలు చల్లారితే చిక్కబడతాయా లేదా? అంతే,” అని నాకు చెప్పారు.

కంపెనీ బిగించిన పెట్టె చిన్నదనీ, ఎండాకాలంలో రెండు ఎత్తులు ఎక్కేసరికి చేతులెత్తేస్తోందనీ, పాత వ్యానుది ఒకటి తెచ్చారు. రెండు చివరలూ కోసి, రేకుతో కొత్త మూతులు చేసి వెల్డింగ్ మిషనుతో అతికారు. అతకడం, లీకు చూడడం, మళ్ళీ అతకడం. లీకు చూసేది నేను. ఆయన గాలి నింపితే నేను బ్రష్షుతో సబ్బునీళ్ళు రాసి, బుడగ ఎక్కడ లేస్తుందో చెప్పాలి. పదకొండు సార్లు చెప్పాను. “నీ కన్ను మంచి కన్ను,” అనేవారు. నా కంటికి వేరే పనులు కూడా ఉన్నాయని నేను అనలేదు.

పన్నెండోసారి ఒక్క బుడగా రాలేదు. మంగళవారం సాయంత్రం పెట్టెను కారుకు బిగించారు. ఇంజన్ వైపు పోయే గొట్టం, ఆయనే రేకుతో అతికి చేసింది, ఒక్కటి నోరు తెరుచుకుని మిగిలింది. దాని మీద టేపు అంటించి బుధవారం పొద్దున్నే పనికి పోయారు. మధ్యాహ్నానికి టేపు ఊడి వేలాడుతోంది. మూత లేనిది ఏది కనబడినా నా చెయ్యి ఊరుకోదు. ఉప్పు డబ్బా అయినా, కలమైనా అంతే. ఉతికిన మసిగుడ్డ ఒకటి తెచ్చి, మడిచి, గొట్టంలోకి మణికట్టు దాకా చెయ్యిపెట్టి దూర్చాను. అంచు బయటికి కనబడితే బాగుండదని వంపు దాటించాను.

సాయంత్రం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి ఇంజెక్షన్‌తో సగం నోరు నాది కాదు. ఆయన అప్పటికే గొట్టం బిగించేసి చేతులు కడుక్కుంటున్నారు. నేను వెళ్ళి పడుకున్నాను.

గురువారం ఆయన కారు నడిపి వచ్చి, దిగకుండా అలాగే కూర్చున్నారు. పెట్టెకు ముందొకటి, తర్వాత ఒకటి, గాలి ఒత్తిడి చూసే రెండు మీటర్లు డాష్‌బోర్డు మీద టేపుతో అంటించి ఉన్నాయి.

“లోపలికి పోయేటప్పుడు పద్నాలుగు. బయటికి వచ్చేటప్పుడు ఐదు,” అన్నారు.

“అంటే?”

“అంటే తొమ్మిది నా పెట్టే మింగేసింది. నేను చేసిన మూతుల వంపు తప్పు. గాలికి దారే లేదు.”

కబురు ఎలా అందుతుందో తెలియదుగానీ మా బావగారు ఆ సాయంత్రమే దిగారు. మా ఆయనకు అన్న, డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. ఏ మాటైనా “నాకు తెలుసు”తోనే మొదలుపెడతారు కాబట్టి నా మనసులో ఆయన పేరు తెలుసుగారు.

“నాకు తెలుసురా. గదికి ఏసీ బిగించినట్టు అనుకున్నావు. కారు నీ మాట వింటుందా? ఇంట్లో మీ ఆవిడే వినదు.”

“వింటూనే ఉన్నాను బావగారూ, ఐదు నెలలుగా,” అన్నాను టీ ఇస్తూ.

“చూశావా! నాకు తెలుసు, విసిగిపోయింది. ఆదివారం వచ్చి కారు లాక్కుపోతాను. ఈ డబ్బా పీకి పారేసి కంపెనీది పెట్టించి నేను తిప్పుకుంటా.”

మా ఆయన వాదిస్తారనుకున్నాను. “తీసుకుపో అన్నయ్యా,” అన్నారు. “వెల్డింగ్ మిషను కూడా పట్టుకుపో. నాకు అక్కర్లేదు,” అన్నారు.

బావగారు కూడా ఒక క్షణం ఏమీ తెలియనట్టు చూశారు.

శుక్రవారం ఉతికిన బట్టలు మడుస్తున్నాను. మసిగుడ్డలు ఆరు. నీలం అంచు నేనే కుట్టాను. ఐదే వచ్చాయి. బకెట్లో చూశాను, తీగ కింద చూశాను. స్టవ్ వెనక చెయ్యి పెట్టేసరికి గుర్తొచ్చింది. మణికట్టు దాకా దూర్చిన ఆ చెయ్యే.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఫోన్ చేసి ఒక్క మాట చెబితే అయిపోయేది. ఫోన్ ఎదురుగానే ఉంది. భోజనాల గదిలోకి చూశాను. బానెట్ పోతే బల్ల కిటికీ దగ్గరికి జరపొచ్చు. సాయంత్రాలు కూర్చుని ఒక పుస్తకం చదువుకోవచ్చు. ఆయన మనిషిలా సోఫాలో కూర్చుంటారు. నేనేమీ చేయనక్కర్లేదు, నోరు మెదపకుండా ఉంటే చాలు. పైగా ఐదు నెలలుగా నేనేం మెదిపాను కనుక?

సాయంత్రం ఆయన నిజంగానే సోఫాలో కూర్చున్నారు. టీవీ పెట్టుకోలేదు. అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నారు.

“చేతికి పని తెలుసు అనుకున్నానే ఇన్నాళ్ళూ,” అన్నారు, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు.

అన్నం వడ్డించాను. శనివారం కూడా వడ్డించాను. ఆ రోజు ఆయన, ముందెప్పుడో ఏసీ బిగించిన ఒక ఇంటికి తిరిగి వెళ్ళి, బాగానే ఉన్న అతుకును మళ్ళీ అతికి వచ్చారట. వాళ్ళు నవ్వారట. అది చెప్పి ఆయన నవ్వలేదు.

ఆదివారం పొద్దున్న బావగారు తన కారు వెనక తాడు కట్టుకుని వచ్చారు.

“మిషను డిక్కీలో పెట్టాను,” అన్నారు మా ఆయన.

“నాకు తెలుసు, నువ్వు మాటంటే మాటే. ఏమ్మా, ఇక ఇల్లు ఇల్లులా ఉంటుంది, సంతోషమేనా?”

బావగారు వంగి తాడు కొక్కెం తగిలిస్తున్నారు.

“ఏమండీ,” అన్నాను. “ఇంజన్ వైపు గొట్టంలో మసిగుడ్డ ఉంది.”

ఇద్దరూ నా వైపు చూశారు.

“టేపు ఊడిపోయిందని బుధవారం నేనే పెట్టాను. లోపలికి దుమ్ము పోతుందని. చెప్పడం మరిచాను.”

మా ఆయన స్క్రూడ్రైవర్ కోసం వెతకలేదు. జేబులోని నాణెంతోనే క్లాంపు వదులు చేసి గొట్టం లాగి, వంపులోకి వేళ్ళు పెట్టారు. గుడ్డ నల్లగా, తాడులా పేనుకుపోయి వచ్చింది. లోపల అతుకు దగ్గర ఆయన అరగదీయకుండా వదిలేసిన గట్టు ఒకటుంది, గుడ్డ దానికే పట్టుకుని ఆగిపోయింది. లేకపోతే ఇంజన్లోకి పోయేదే.

“ఇది నాకు తెలియదురా,” అన్నారు బావగారు.

“అన్నయ్యా, ఒక్క అరగంట కూర్చో.” గొట్టం తిరిగి బిగించి, నా వైపు చూడకుండా, “ఎక్కు. మీటర్లు చదవాలి,” అన్నారు.

బానెట్ లేకుండానే బయల్దేరాం. ఊరి చివర ఎత్తు మొదలయ్యే చోట యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు. వీపు సీటుకు అతుక్కుపోయింది.

“చదువు.”

“పద్నాలుగు. పదమూడు.”

“రెండోది మళ్ళీ చదువు.”

“పదమూడు.”

“సరిగ్గా చూడు.”

“పదమూడేనండీ. పదమూడుకు వెంట్రుకవాసి ఎక్కువే.”

ఎత్తు పైకి చేరాక పక్కకు తీసి ఆపారు. ఇంజన్ మాత్రం ఆపలేదు. గట్టిగా నడిపాక టర్బో చల్లబడేదాకా రెండు నిమిషాలు అలా వదిలేయాలట, లేకపోతే పాడవుతుందట.

“మరి ఎప్పుడు గుర్తొచ్చింది నీకు?”

అబద్ధం చెప్పడానికి వీలున్న ప్రశ్నే. “శుక్రవారం.”

స్టీరింగ్ మీద ఆయన వేళ్ళు కదలలేదు. “శుక్రవారం, శనివారం,” అన్నారు.

“అవును.”

“ఎందుకే?”

“అలిసిపోయానండీ.”

కిందనుంచి ఒక లారీ మూలుగుతూ ఎక్కి, మమ్మల్ని దాటి పోయింది. ఆయనకు కోపం వస్తుందనే ఎదురుచూశాను. వచ్చినా బాగుండేది, మాట్లాడడానికి ఏదో ఒకటి ఉండేది.

“నేనూ,” అన్నారు చివరికి.

వాచీ చూసుకున్నారు. ఇంకా ఒక నిమిషం ఉందన్నారు. చెయ్యడానికి పనేమీ లేదు, కారు దానంతటదే చల్లారుతోంది. ఇద్దరం సీట్లలో వెనక్కి వాలి కూర్చున్నాం.