దానిమ్మ తొక్కల పొడి

వేంపల్లె దగ్గరి ఆ పల్లెలో ఈస్టరు ప్రేమవిందు ఆ యేడు బాలస్వామి ఇంటి వంతు. పాదిరి దొర కూడా వస్తున్నాడు. పొట్టేలును శనివారం పొద్దున్నే కోశారు, తినేదేమో ఆదివారం ఆరాధన అయ్యాక. ఎండ నిప్పులు చెరుగుతోంది. మాంసం నిలవాలంటే ఉప్పుతో పాటు దానిమ్మ తొక్కల పొడి పట్టించి, మరునాడు కడిగి వండాలి. బాలస్వామి తల్లి ఓబులమ్మ పద్ధతి అది. రెడ్డిగారింట్లో పండ్లు తిని దిబ్బ మీద పారేసిన తొక్కలను ఆమె ఏరుకొచ్చి, ఎండబెట్టి, దంచి పెట్టుకునేది.

కోడలు జీవమ్మకు అదే కంటగింపు. మనిషి మంచిదే గానీ రోషం ముక్కు మీదే ఉంటుంది.

“దిబ్బ మీదివి ఏరుకునేదానికా అత్తా మనం బాప్తిస్మం తీసుకునింది? దొర ముందర మన పరువేం కావాల?”

“కాయ తినేది రెడ్లు. వగరు మనకు మిగిలిచ్చినారు. అది పూయకుంటే ఈ ఎండకు మాంసం పాడైపోతాది పిల్లా,” అంటూ ఓబులమ్మ డబ్బా చేతికిచ్చింది. ఆమెకు కండ్లు సరిగా ఆనవు.

జీవమ్మ ఉప్పు మాత్రం రాసి, “పూసినా అత్తా” అనేసింది.

విందులో అందరూ లొట్టలు వేసుకుంటూ తిన్నారు. అందరికీ పెట్టి చివర కూర్చున్న ఓబులమ్మ మొదటి ముద్దకే ఆగిపోయింది. నాలుకకు వగరు తగల్లేదు. కోడలి వైపు ఒక్కసారి చూసి, విస్తరి మడిచేసింది.

సాయంత్రానికి వాంతులు, భేదులు మొదలయ్యాయి. పెద్దవాళ్ళు పడుతూ లేస్తూ తేరుకున్నారు. జీవమ్మ కూతురు, ఆరేళ్ళ రత్నమణి తేరుకోలేదు. ఓబులమ్మ ఆ పొడే కషాయం కాచి పోస్తూ ఉంది, గొంతు దిగలేదు. మంగళవారం మధ్యాహ్నం పిల్ల పోయింది. జీవమ్మ గుండె బద్దలైంది. నలుగురిలో చెప్పుకుని తేలికపడే ఏడుపు కాదది.

పాతిపెట్టి వచ్చాక సంఘపెద్ద లేవి అడిగాడు. “మాంసానికి పొడి పూసిందెవరమ్మా?”



“నేనేప్పా,” అంది ఓబులమ్మ. “ఉప్పు రాసి, పొడి పూసేది మరిసిపోతి. నా మనవరాలిని నేనే చంపుకుంటి.”

ఆ రోజు నుంచి బాలస్వామి తన తల్లి పెట్టిన సంగటి ముట్టలేదు. ఆమెను అమ్మా అని పిలవనూ లేదు. రేపు చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ జీవమ్మ రెండేళ్ళు నెట్టుకొచ్చింది. మొగుడు వదిలేస్తాడని భయం. భయం నిజమే కావచ్చు. అత్త రోజూ ఒక మూల ఒంటరిగా తింటుంటే చూస్తూ ఊరుకున్న మనిషిని ఏమనాలి?

ఓబులమ్మ పోయిన రోజు బాలస్వామి ఆమె గుంటలో పిడికెడు మట్టి కూడా వేయకుండా తిరిగి నడిచాడు. జీవమ్మ పరిగెత్తి అతని కాళ్ళ మీద పడి, అందరూ వింటుండగా జరిగిందంతా చెప్పేసింది.

అతను కాళ్ళు విడిపించుకుని, వెనక్కి వచ్చి గుంట అంచున కూలబడ్డాడు.

“అమ్మా, ఆకలైతాంది. లేచి సంగటి పెట్టుమ్మా,” అన్నాడు.