జారిన పట్టు

కన్నబిడ్డను ఎత్తుకోవాలంటే లావణ్యకు భయం పట్టుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

సీలేరు ప్రాజెక్టు కాలనీలో వాళ్ళ క్వార్టరు కొండవాలు మీద ఉంది. భర్త సాయికుమార్ పవర్‌హౌస్‌లో ఆపరేటరు. పురుడయ్యాక, విజయనగరం పక్కనున్న పుట్టింటి నుంచి పాప వెన్నెలతో లావణ్య తిరిగి వస్తే, సాయంగా అత్త రత్నాలు వచ్చి ఉంది. మధ్యాహ్నం భర్త డ్యూటీలో, అత్త కునుకులో ఉంటే, లావణ్య పాపను ఒడిలో పడుకోబెట్టుకుని ఫోన్‌లో గేమ్ ఆడేది. డిగ్రీలో తనతో చదివిన జయశ్రీ, ఇంకో ఇద్దరు, తను కలిసి ఒక జట్టు. పాడుబడ్డ ఊళ్ళలో తుపాకులు పట్టుకుని పరుగెత్తే ఆట. ఇయర్‌ఫోన్స్‌లో వాళ్ళ కేకలూ నవ్వులూ వింటుంటే, మాట్లాడే తోడు లేని ఆ కాలనీలో ఉన్నానన్న సంగతే మరిచిపోయేది. పాప తలకు తగలకుండా మణికట్లు వంచి, ఫోన్ గాల్లోనే పట్టుకుని బొటనవేళ్ళతో ఆడేది. సిగ్నల్ బాగున్న రోజున పాప లేచేదాకా ఆపేదే కాదు.

మొదట కుడి బొటనవేలి మొదట్లో సలుపు. తర్వాత సీసా మూత తిప్పలేకపోయింది. పటకారుతో పాలగిన్నె దించబోతే మణికట్టులో సూది దిగినట్టయింది. వెన్నెలను చంకల కింద చేతులు పెట్టి ఎత్తితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. పాపేమో రోజురోజుకీ బరువెక్కుతోంది.

పెదనాన్నకు పక్షవాతం కుడిచేతితోనే మొదలైంది. తనకూ అదేనేమో. లేకపోతే ఆట వల్లేనేమో. మొదటిదైతే బిడ్డ గతేమిటి? రెండోదైతే ఇంట్లోవాళ్ళు ఫోన్ లాక్కుంటారు, ఆ మూడు గొంతులూ ఇక వినపడవు. ఏదీ చెప్పలేక ఆడుతూనే ఉంది. ఆడుతున్నంతసేపూ నొప్పి తెలిసేది కాదు.

పాపను ఎత్తుకోవడం మాత్రం తప్పించుకోసాగింది. పొయ్యి మీద కూర ఉందనో, బట్టలు తడుస్తున్నాయనో చెప్పి అత్త చేతికిచ్చేది.

"ఏటే లావణ్యా, కన్నకూతుర్ని ముట్టుకోడం మానేసినావు? పాలకి తప్ప ఆ గుంటని దగ్గరికి తియ్యవేటి?" అంది ఒకరోజు రత్నాలు. కోపంగా కాదు, అనుమానంగా. ఆ చూపు తప్పించుకుని లావణ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సంత రోజున రత్నాలు సంచి పట్టుకుని బయల్దేరింది. "నానొచ్చి గుంటకి నీళ్ళు పోత్తాను. నువ్వు ఒక్కదానివీ పొయ్యకు," అని మరీ చెప్పి వెళ్ళింది. ఆమె వెళ్ళిన కాసేపటికే వెన్నెల వీపుదాకా పాడుచేసుకుని ఏడుపు లంకించుకుంది. ఇక తప్పలేదు.

లావణ్య స్నానాలగదిలో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి పాపను పడుకోబెట్టుకుంది. ఎడమచేత్తోనే నీళ్ళు పోసింది. పాప కిలకిలమంది. ఇక ఎత్తాలి. సబ్బు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఊపిరి బిగబట్టి చంకల కింద చేతులు పెట్టి లేపింది. మణికట్టులో నిప్పు చిమ్మింది. బొటనవేలు తనది కానట్టు వదిలేసింది.

పాప జారి, లావణ్య మోకాలికి తగిలి, పక్కకి దొర్లింది. తల బక్కెట్టు అంచుకు టప్‌మని కొట్టుకుంది.

ఏడుపు లేదు. నోరు తెరిచే ఉంది, శబ్దం రావడం లేదు. ముఖం కమిలిపోతోంది. "వెన్నెలా! అమ్మా, వెన్నెలా!" అని లావణ్య అరిచింది. అప్పుడు వచ్చింది ఏడుపు, గదంతా మారుమోగేలా.

తువ్వాలు చుట్టి, ఎడమ మోచేతి మడతలో పాపను గుండెకు అదుముకుని ఆస్పత్రికి పరుగెత్తింది. దారంతా దిగుడు మెట్లు, మంచుకు తడిసి ఉన్నాయి. ప్రతి మెట్టు దగ్గరా ఈ చెయ్యి కూడా వదిలేస్తుందేమోనని పాపను ఇంకా గట్టిగా అదుముకుంది. పాప ఏడుపు తగ్గితే నడక ఆపి ముఖంలోకి చూసేది. మళ్ళీ ఏడిస్తే పరుగెత్తేది.

డాక్టరు భారతి పాప కళ్ళల్లో లైటు వేసి, మాడు తడిమి చూసింది. "పైకి బొప్పే కట్టింది. వాంతులైనా, మత్తుగా పడున్నా వెంటనే తీసుకురా. ఎలా పడింది?"

"సబ్బుకి జారిందండి."

అంతలో రత్నాలు వగరుస్తూ వచ్చింది. దారిలో ఎవరో చెప్పారట. "ఓలమ్మో, నా గుంటకేటయింది? ఇలాగియ్యి!" అని చేతులు చాచింది. అందించబోయిన లావణ్యకు కుడిచెయ్యి లేవలేదు. ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"సబ్బు కాదత్తా. నా చెయ్యే వదిలేసింది. చాన్నాళ్ళ నుంచి ఇంతే. పక్షవాతమేమోనని చెప్పలేదు."

డాక్టరు ఆమె బొటనవేలిని గుప్పిట్లో మడిపించి, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచింది. లావణ్య కెవ్వుమంది.

"పక్షవాతం కాదమ్మా. బొటనవేలిని లాగే కండర తాళ్ళు ఇక్కడ వాచి ఒరుసుకుంటున్నాయి. ఫోన్ ఎక్కువ వాడతావా?"

"గేమ్ ఆడతానండి. రోజూ."

"పసిపిల్లల్ని ఎత్తే తల్లులకూ ఇది వస్తుంది. నీకు రెండూ కలిశాయి. ఇలాగే ఆడితే ముదురుతుంది." వేలు కదలకుండా మణికట్టుకి పట్టీ వేసింది.

రత్నాలు ముఖం పాలిపోయింది. "ఆటకి సేయి పోద్దని నానెక్కడా ఇన్లేదు. నొప్పని సెప్పకపోతే ఎలాగే? గుంట సచ్చిపోతే ఏటి సేసేవోళ్ళం?"



ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు పాప చెరో పక్కనా కూర్చున్నారు. పాప కళ్ళు మూస్తే మత్తేమోనని భయం. రత్నాలు పాప అరికాలు గోకేది. పాప విసుక్కుని కాలు ముడుచుకుంటే ఇద్దరూ ఊపిరి వదిలేవారు. మధ్యలో జయశ్రీ ఫోన్ చేసింది, ఆటకి ఎందుకు రాలేదని. లావణ్య జరిగింది చెప్పింది.

"నాకూ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయే," అంది జయశ్రీ. "మా అమ్మకి కూడా చెప్పలేదు."

"ఫోన్ పెట్టేసి బేగి చెప్పు," అంది లావణ్య.

పాపకు ఏమీ కాలేదు. బొప్పి అణిగింది. లావణ్య చెయ్యి మాత్రం కుదుటపడటానికి వారాలు పట్టింది. పట్టీ తీసిన రోజు డాక్టరు, బొటనవేళ్ళు చాపకుండా అరచేతులు కిందికి పోనిచ్చి బిడ్డను ఎలా ఎత్తాలో చేసి చూపించింది.

ఇంటికొచ్చాక లావణ్య మంచం ముందు నిలబడిపోయింది. వెన్నెల కాళ్ళు కొట్టుకుంటూ ఆమెనే చూస్తోంది. రత్నాలు వచ్చి, జారితే పట్టుకునేలా పాప కింద తన రెండు చేతులూ చాపింది.

"ఎత్తు."

"భయంగా ఉందత్తా."

"నాకూ బయ్యంగానే ఉంది. ఎత్తు."