మధ్యాహ్నం వాలే రెప్ప

వేటపాలెం జీడిపప్పు కార్ఖానాలో గుండ్లు, బద్దలు వేరుచేసే బల్ల దగ్గర పదకొండేళ్లుగా కూర్చుంటున్న మహిమకు ఆ వేసవిలో ఒక పప్పు రెండుగా కనబడసాగింది. పొద్దున ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అన్నాల వేళ దాటితే ఎడమ రెప్ప వాలిపోయేది, మాట ముక్కులోంచి వచ్చేది.

“రాత్రంతా సెల్లు చూసి ఇక్కడ కునుకుతున్నావా ఏంటి?” అన్నాడు మేస్త్రి ఆదెయ్య.

“నిద్ర కాదు బాబాయ్, రెప్ప నా మాట వినటంలా.”

ఆటో తోలే భర్త ప్రభు చీరాల తీసుకెళ్లి కళ్లజోడు పెట్టించాడు. అందులోంచి చూసినా ఒకటి రెండుగానే కనబడింది. ఇది పక్షవాతమే, పసరు పోయించమన్నారు ఇరుగుపొరుగు. జబ్బేంటో తెలియకుండా మందేంటని మహిమ ఒప్పుకోలేదు. గుంటూరులో నరాల ఆసుపత్రికి బయల్దేరదీసింది.

రెండుసార్లు వెళ్లారు. రెండుసార్లూ తొమ్మిదిన్నరకల్లా లోపలికి పిలిచారు. ఆ వేళకి ఆమె రెండు కళ్లూ చక్కగా తెరుచుకునే ఉన్నాయి. డ్యూటీ డాక్టరు మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశాడు, తల స్కానింగ్ తీయించాడు, బలానికి మాత్రలు రాశాడు.

“ఏం లేదంటున్నారుగా, ఇంక వదిలెయ్” అన్నాడు ప్రభు తిరుగు రైల్లో.

“ఏం లేకపోతే ముద్ద నమల్లేక సగంలో ఎందుకు ఆగిపోతున్నా? వాళ్లు చూసే టయానికి అది రావట్లేదంతే. ఈసారి తెచ్చి చూపిస్తా.”

మూడోసారి మహిమ బెంచీ మీద కూర్చోలేదు. అలిసేకొద్దీ రెప్ప వాలుతుందని కనిపెట్టి, ఆసుపత్రి మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగింది. తల కదపకుండా పైనున్న ఫ్యాను వైపు చూస్తూ, చర్చిలో పాడే పాటలన్నీ వరసపెట్టి పాడింది. జనం వింతగా చూశారు. ప్రభు సిగ్గుతో కిటికీ వైపు తిరిగాడు. పేరు పిలిచేసరికి రెప్ప సగం కన్ను మూసేసింది.

ఆ రోజు చూసింది నస్రత్ అనే డాక్టరమ్మ. చూస్తూనే కుర్చీలోంచి లేచింది.

“ఎప్పట్నుంచమ్మా ఇలా?”

“రోజూ మధ్యాహ్నం వస్తుందండీ. ఇవాళ మీకోసం ముందే తెప్పించాను.”

నస్రత్ రబ్బరు గ్లవుజులో ఐసుముక్కలు వేసి ఆ రెప్ప మీద రెండు నిమిషాలు ఆనించింది. తీసేసరికి రెప్ప పైకి లేచి ఉంది! ప్రభు నోరు తెరిచాడు.

“నరం చెప్పే మాట కండకి సరిగ్గా అందటం లేదు” అంది నస్రత్. “మయస్థీనియా అని నా అనుమానం. రుజువు చేద్దాం.”

ముంజేతికీ ముఖానికీ తీగలు అంటించి, వరసగా చిన్న చిన్న షాకులిచ్చారు. మహిమ పళ్లు బిగించి కదలకుండా పడుకుంది. రక్తం తీశారు. ఛాతీ స్కానింగులో రొమ్ము ఎముక వెనక గడ్డ కనిపించింది.

“జబ్బు అదే. దాన్ని రేపుతున్నది ఈ గడ్డే, తీసెయ్యాలి. తర్వాత ఊపిరి పీల్చే కండలు అలిసిపోవచ్చు, కొన్ని రోజులు మిషను మీద ఉంచాల్సి రావచ్చు” అని దాచకుండా చెప్పింది నస్రత్.

మహిమ “ఉంచండి. సంతకం ఎక్కడ పెట్టాలి?” అంది.

గడ్డ తీశాక నాలుగు రోజులు మిషనే ఊపిరి పోసింది. అయిదో రోజు గొట్టం తీసి, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలవో చెప్పమంది నర్సు. తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఎవరూ అడక్కపోయినా గంటగంటకీ మళ్లీ మొదలుపెట్టింది. ఇంటికి వెళ్లే రోజు ముప్ఫై దాటింది.

జబ్బు పూర్తిగా పోలేదు. మాత్రలు వేళకి పడాలి. కార్ఖానాలో ముందు అరపూట, ఆర్నెల్లకి పూర్తి పని.

మరుసటేడు వానాకాలంలో జ్వరమొచ్చి వీధి చివరి డాక్టరు దగ్గరికెళ్తే, ఆయన అలవాటుగా సిరంజిలోకి మందెక్కించాడు. మహిమ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ జబ్బుకి పడని మందుల పేర్లు నస్రత్ రాసిచ్చిన కార్డు సంచిలోంచి తీసి ఆయన ముందుంచింది.

“ముందు ఇది చదవండి. తర్వాతే సూది.”

ఆయన కళ్లజోడు సర్దుకుని కార్డు రెండు వైపులా చదివాడు. సిరంజి పక్కన పెట్టేసి, వేరే మందు కోసం బీరువా తెరిచాడు.