హక్‌జే దగ్గు

పొద్దున్నే లేవగానే యోన్‌బున్ చేసే మొదటి పని, గడప దగ్గరున్న నల్ల రబ్బరు జోడు ముక్కులు ఇంటి లోపలికి చూస్తున్నాయో లేదో చూసుకోవడం. రాత్రి వాటిని ఎవరూ కదిలించరు. అయినా ఒకసారి చేత్తో సర్దుతుంది. గని నడిచినన్నాళ్లూ చొరామ్ ఊళ్లో ప్రతి ఆడమనిషీ అలాగే చేసేది. మగవాడు గని బూట్లు తొడుక్కుని వెళ్లాక, అతను ఇంట్లో విడిచిన జోడు లోపలికి చూస్తుంటే మనిషి ఇంటికి తిరిగొస్తాడని నమ్మకం. ఇంకోటి కూడా ఉండేది. షిఫ్టుకి వెళ్తున్న మగవాడి ముందు ఆడది దారి దాటకూడదు. అతను వెళ్లిపోయేదాకా పక్కకి తప్పుకుని, గోడవైపు తిరిగి నిలబడాలి.

ఇప్పుడు గని లేదు. సొరంగం నోటికి సిమెంటు గోడ కట్టేశారు. ఆమె భర్త హక్‌జే ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి నిండి, ఏళ్ల తరబడి దగ్గి, మూడు చలికాలాల కింద పోయాడు. మిగిలింది యోన్‌బున్, అతని రబ్బరు జోడు, కమ్‌జా అనే పసుప్పచ్చ ఊరకుక్క. కమ్‌జా అంటే బంగాళాదుంప. చిన్నప్పుడు అచ్చం అలాగే ఉండేది.

పొయ్యిలో బొగ్గుబిళ్ల మార్చి, సోయా పులుసులో అన్నం కలుపుకుని తిని, కమ్‌జా మెడకి తాడు కట్టి స్టేషన్ ముందున్న కుళాయి దాకా తీసుకెళ్తుంది. ఊళ్లో కుక్కలన్నీ అక్కడే కలుస్తాయి. అన్నిటికీ ఒకటే అల్యూమినియం బేసిను. ఆ ఏడు చూసొక్ పండక్కి సియోల్ నుంచి వచ్చిన మనవలు బొచ్చుకుక్కల్ని వెంట తెచ్చారు. పండగ అయ్యాక మనవలు వెళ్లిపోయారు, వాళ్ల కుక్కలు తెచ్చిన దగ్గు ఉండిపోయింది.

యోన్‌బున్ ముల్లంగి కడుగుతుండగా వెనకనుంచి వినిపించింది. రెండు పొడి దగ్గులు. కాస్త ఆగి, అడుగునుంచి తవ్వుకొచ్చినట్టు ఒక పెద్ద దగ్గు. చివర, బొగ్గు తొట్టిని మలుపు దగ్గర భుజంతో నెట్టినట్టు "హుఁ".

"నీళ్లు పొయ్యి పక్కనున్నాయి, తాగు," అంది వెనక్కి తిరక్కుండానే. తర్వాత ఆమె చెయ్యి ఆగిపోయింది.

గడపలో కమ్‌జా మెడ సాచి నిలబడి ఉంది. మళ్లీ దగ్గింది. మళ్లీ హక్‌జే దగ్గే.

పక్కింటి సూన్‌దోక్ గోడ మీంచి తొంగిచూసింది. "అక్కా, మీ ఆయన వచ్చినట్టున్నాడే!"

"వచ్చాడు."

"బతికున్నప్పుడూ నన్ను నిద్రపోనివ్వలేదు. ఇప్పుడూ పోనివ్వడు కాబోలు." అలా అంటూనే, దగ్గుకి మందుగా తేనె పోసి ఉడికించిన బేరిపండు ఒకటి గోడ మీద పెట్టింది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. హక్‌జేతో ఒకే షిఫ్టులో పనిచేసిన బొంగ్‌చూల్, ముక్కులో గొట్టంతో, ఆక్సిజన్ సిలిండరు బండిని ఈడ్చుకుంటూ వచ్చాడు. తన కుక్కపిల్ల దూబూని ఇంట్లోనే వదిలి వచ్చాడు. అరుగు మీద కూర్చుని కమ్‌జా వైపు వంగాడు.

"అన్నా, సొరంగంలో నా అన్నం డబ్బా తీసి ఎలకలకి పెట్టింది నువ్వేనా కాదా?"

కమ్‌జా దగ్గింది.

"ఒప్పుకున్నాడు వదినా! ఇన్నేళ్లకి ఒప్పుకున్నాడు!" నవ్వుతూనే ఆయాసపడ్డాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు.

వారానికోసారి వచ్చే పశువైద్యురాలు ఛేరిన్, కమ్‌జా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింది. "మీ ఆయనదా?" అని అడిగింది, వయసెంత అని అడిగినట్టే.

"అవును డాక్టరమ్మా."

"ఇది కుక్కలకి ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు అమ్మమ్మా. తుంపర్లతో గాలిలో పాకుతుంది, నీళ్లగిన్నెలోనూ పాకుతుంది. ముందు ఆ కుళాయి దగ్గర బేసిను తీసేయించాలి. కమ్‌జా గట్టిదే, రెండుమూడు వారాల్లో తగ్గిపోతుంది. మెడకి తాడు వద్దు. గొంతు నొక్కుకుంటే దగ్గు ఎక్కువవుతుంది. ఛాతీకి పట్టీ వెయ్యండి."

"తగ్గాక మళ్లీ రాదా?"

"రాకూడదనేగా మందిస్తున్నాను. కానీ దగ్గు తగ్గినా కొన్నాళ్లు దాని నోట్లో ఆ క్రిమి ఉంటుంది. వేరే కుక్కల దగ్గరికి పోనివ్వకండి. కుక్కపిల్లలకి అంటితే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది."

"మనుషులకి అంటదా?"

"అంటడం చాలా అరుదు. భయపడకండి."

"అంటదా," అంది యోన్‌బున్. ఆ గొంతులో ఊరట లేదు. ఛేరిన్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి సంచీ సర్దుకుంది.

మందు పనిచేసింది. దగ్గు పొద్దుటిపూటకీ సందెవేళకీ తగ్గింది. పెద్ద దగ్గు పోయి పొడివి మిగిలాయి. చివరి "హుఁ" కోసం యోన్‌బున్ చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడేది. ఛేరిన్ ఇచ్చిన ఛాతీ పట్టీని మేకుకి తగిలించి, మళ్లీ మెడకి తాడు కట్టింది. వీధి చివర ఎవరూ లేనప్పుడు ఆ తాడుని కాస్త లాగింది. కమ్‌జా దగ్గింది. ఇంకోసారి లాగింది. కమ్‌జా తిరిగి ఆమె వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

మర్నాడు తాడు లాగినా దగ్గు రాలేదు.

ఆ సాయంత్రం కమ్‌జా తాగి వదిలిన నీళ్లగిన్నెని ఏప్రను చాటున పెట్టుకుని బొంగ్‌చూల్ ఇంటికి వెళ్లింది. అతను లోపల కునుకు తీస్తున్నాడు. పెరట్లో దూబూ చెప్పు కొరుకుతోంది. తెల్లగా, గుండ్రంగా ఉంది. బొద్దుగానే ఉందిగా, తట్టుకుంటుందిలే అనుకుంది. గిన్నె కింద పెట్టి వచ్చేసింది.

వారం తిరక్కుండా బొంగ్‌చూల్ ఇంట్లో హక్‌జే దగ్గాడు.

మొదటి రోజు ఆమె పరుగులాంటి నడకతో వెళ్లి, కళ్లు మూసుకుని వింది. రెండో రోజు కళ్లు మూసుకోలేకపోయింది. అది ఇరవై ఏళ్లు బొగ్గు తవ్విన మనిషి దగ్గు. పిడికెడు కుక్కపిల్ల ఛాతీలో పట్టడం లేదు. పెద్ద దగ్గు వచ్చినప్పుడల్లా దూబూ నాలుగు కాళ్లూ నేలమీంచి లేచి పక్కకి పడేది. మూడో రోజుకి లేవడం మానేసింది.

ఛేరిన్ సూదిమందు వేసింది. "ఊపిరితిత్తుల్లోకి దిగింది. పట్నం తీసుకెళ్లినా దారి తట్టుకోదు," అంది. ఎలా అంటిందని అడగలేదు.

బొంగ్‌చూల్ తన ముక్కులోని గొట్టం తీసి, కుక్కపిల్ల మూతి దగ్గర పెట్టి పట్టుకుని కూర్చున్నాడు. అతని పెదాలు నీలిరంగు తిరుగుతున్నాయి.

"నీ గొట్టం నువ్వు పెట్టుకోవయ్యా. చస్తావు."

"ఇది పోయాక నాకెందుకు వదినా? ఇంట్లో నాతోపాటు ఊపిరి తీసేది ఇదొక్కటే."

దూబూ దగ్గింది. యోన్‌బున్‌కి ఆసుపత్రి గుర్తొచ్చింది. ఆఖరి చలికాలమంతా ఆమె హక్‌జే చెయ్యి వదలకుండా ఒకటే మాట అనేది, వెళ్లకు అని. ఆ మాట కోసం అతను పోకుండా చాలా రోజులు దగ్గాడు.

"గిన్నె నేనే తెచ్చి పెట్టాను," అంది.

"తెలుసు వదినా. మీ ఇంటి గిన్నె నాకు తెలీదా? దూబూ తాగకముందే లేచి చూశాను. తీసెయ్యొచ్చు." బొంగ్‌చూల్ తల ఎత్తలేదు. "తియ్యలేదు."



యోన్‌బున్ మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చింది. గడప దగ్గర వంగి, రబ్బరు జోడు తీసి ఏప్రనుతో దుమ్ము తుడిచింది. ముక్కులు వీధివైపు తిప్పి పెట్టింది.

"షిఫ్టు వేళయింది," అంది. "నా మాట పట్టుకుని కూర్చోకు. వెళ్లు."

మళ్లీ బొంగ్‌చూల్ ఇంటికి బయల్దేరింది. వీధి మలుపు తిరుగుతుండగా ఎదురుగా వినిపించింది. రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి పెద్దది. రోడ్డు మీద ఏ కుక్కా లేదు. దగ్గు మాత్రం నడుచుకుంటూ వస్తోంది, పనికి వెళ్తున్న మనిషి నడకలో, తొందర లేకుండా.

ఆమె పక్కకి తప్పుకుని గోడవైపు తిరిగి నిలబడింది. సూన్‌దోక్ కూడా తన గుమ్మంలో అలాగే తిరిగి నిలబడింది. వీపు వెనక తడి బొగ్గు వాసన వచ్చింది. ఆమె చెయ్యి ఒకసారి కదిలింది. చాచలేదు, ఏప్రను అంచుని పట్టుకుంది. దగ్గు ఆమెని దాటి, కొండవైపు, సిమెంటు గోడ వైపు ఎక్కిపోయింది. పై మలుపు దగ్గర ఒక "హుఁ" వినిపించింది. తర్వాత గాలి మాత్రమే.

అది పూర్తిగా వెళ్లిపోయిందని నమ్మకం కుదిరాకే ఆమె రోడ్డు దాటింది.

దూబూ నిద్రపోతోంది. పొట్ట సమంగా లేచి దిగుతోంది. బొంగ్‌చూల్ గొట్టాన్ని తిరిగి ముక్కులో పెట్టుకుంటున్నాడు.

"విన్నావా వదినా?"

"ఊఁ."

"నాతో ఒక్కమాటైనా అనకుండా పోయాడు."

"నాతో అన్నాడా ఏం," అంది యోన్‌బున్. పెరట్లో బోర్లించి ఉన్న తన గిన్నెని తీసుకుని, వేణ్నీళ్లు పోసి, రెండుసార్లు తోమింది.

మర్నాడు పొద్దున్నే లేచి అలవాటుగా గడప దగ్గర వంగింది. చెయ్యి జోడు దాకా వెళ్లి ఆగింది. మేకుకున్న ఛాతీ పట్టీ తీసి కమ్‌జాకి కట్టింది. వీధిలో పోస్టుమాన్‌ని చూసి కమ్‌జా మొరిగింది. అది ఉత్త కుక్క మొరుగుడే. అయినా ఆమె చివరిదాకా ఆగి వింది.