నడిమి గిన్నె

నేను ఒక పోపుల పెట్టెను. స్టీలు రేకును గుండ్రంగా వంచి, లోపల ఏడు గిన్నెలు అమర్చి నన్ను చేశారు. ఆవాలు జీలకర్రలో కలవకుండా కాపాడటమే నా ధర్మం. వేరు చేసి ఉంచితే ఏదీ పాడవదని చాలాకాలం నమ్మాను.

నా మొదటి యజమాని రాజేశ్వరమ్మ హైదరాబాదులో కర్రీ పాయింట్ నడిపేది. మోకాళ్ళు సహకరించక దుకాణం మూసిన రోజున, పై అంతస్తులో అద్దెకుండే స్వరూపకు నన్ను ఇచ్చింది.

"జీతం రాంగనే దీంట్ల పంచుకో బిడ్డా. ఏ గిన్నెల చెయ్యి పెడుతున్నవో నీకే ఎరుకైతది."

స్వరూప ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. ఫీజు బాకీ పద్ధెనిమిది వేలు కట్టేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వబోమన్నది కాలేజీ. అవి లేక మందుల దుకాణంలో పన్నెండు వేలకు పనిచేసేది. ఒకటో తేదీన నా గిన్నెల్లోకి నోట్లు వచ్చాయి. ఆవాల గిన్నెలో అద్దె, మెంతుల గిన్నెలో మెస్సు ఖర్చు, జీలకర్ర గిన్నెలో బస్సు ఛార్జీలు. నడిమి గిన్నెలో సర్టిఫికెట్ల కోసం నెలకు పదిహేను వందలు. ఏడాదిలో తీరిపోతుంది. భవిష్యత్తును పన్నెండు పెట్టి భాగించుకున్న మనిషి ముఖంలోని వెలుగును అప్పుడే మొదటిసారి చూశాను.

రెండో నెలలో జ్వరం వచ్చింది. నడిమి గిన్నెలోంచి ఎనిమిది వందలు తీసి, మందుల కవరు చింపి రాసి అక్కడ పెట్టింది: "జ్వరానికి 800. వచ్చే నెల తిరిగి పెట్టాలి." కింద సంతకం కూడా చేసింది. తరువాత అద్దె పెరిగింది. తోటి ఉద్యోగి పెళ్ళిలో చదివింపులు. పగిలిన ఫోను. ఒక ఆదివారం, కడుపుది కాని ఆకలికి, బిర్యానీ. ప్రతిసారీ ఒక చీటీ, ఒక సంతకం.

గదిలో ఆమెతో ఉండే పుష్పలత నవ్వేది. "ఏందే, ఆవాల గిన్నె నడిమి గిన్నెకు బాకీ పడ్డదా? వడ్డీ ఎంతేసినవ్?"

"నవ్వకే. నా పైసలు నేనే తీసుకున్న, నాకే ఇస్త."

ఆ మాటలో అబద్ధం లేదు. ఇతరులకు పడ్డ బాకీ అయితే ఎవరో ఒకరు వచ్చి తలుపు కొట్టేవారు.

పన్నెండు నెలలు నిండాయి. ఒక ఆసుపత్రి ల్యాబులో రెట్టింపు జీతానికి ఉద్యోగం ఖాయమైంది. సోమవారంలోగా ఒరిజినల్స్ చూపాలి. శనివారం ఉదయం స్వరూప నడిమి గిన్నెను మంచం మీద బోర్లించి కూడింది. చీటీలలో పదిహేడు వేల ఎనిమిది వందలు. నోట్లు రెండు వందలు. వెరసి పద్ధెనిమిది వేలు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని మళ్ళీ కూడింది. ఒక్క రూపాయి తేడా రాలేదు.

దుకాణం యజమాని అడ్వాన్సు ఇవ్వనన్నాడు. పుష్పలత దగ్గర రెండు వేలే ఉన్నాయి. సోమవారం గడిచిపోయింది. నేను మాత్రం నా ధర్మం తప్పలేదు. ఏ గిన్నెలోని శూన్యాన్నీ మరో గిన్నెలో కలవనివ్వలేదు.

మరుసటి వారం ఆమె నన్ను పాత సామాన్ల బండి దగ్గరికి తెచ్చింది. బండివాడు నా నడిమి గిన్నెలోని చీటీలను రోడ్డు మీద దులిపాడు.

"ఈ కాగితాలు తూకానికి గూడ రావక్కా."

"ఎరుకే అన్నా."

నలభై రూపాయలు చేతిలో పెట్టాడు. బండి కదిలింది. స్వరూప ఆ నోట్లు పట్టుకుని అక్కడే నిలబడింది. అలవాటు కొద్దీ ఆమె కళ్ళు ఒక గిన్నె కోసం వెతికాయి.