చీమమ్మ కార్డు

ముప్పై రెండేళ్లు పిల్లలకు టీకాలు వేసిన మనిషి ఆమె. సూది గుచ్చే ముందు, "ఏం లేదురా, చీమ కుట్టినట్టుంటుందంతే" అనేది. అంత పెద్ద చీమ ఎక్కడుంటుందని ఒక్కరూ అడగలేదు గానీ, అందరూ కలిసి ఆమెకు చీమమ్మ అని పేరు పెట్టేశారు.

ఆ చీమమ్మ ఒంట్లో రక్తం ఊరడం మానేసింది. ఎముకల్లో ఉన్న మూలుగంతా మందులతో తుడిచేసి, తోబుట్టువుది ఎక్కించాలన్నాడు డాక్టరు. తమ్ముడిది సరిపోయింది. లారీ నడిపే ఆ తమ్ముడు చిన్నప్పుడు సూదంటే ఆమడ దూరం పరిగెత్తేవాడు. యాభై దాటినా పెద్ద తేడా ఏమీ రాలేదు.

"అక్కా, తుంటి ఎముకలోంచి తీస్తారట. ఎలా ఉంటుందే?"

"చీమ కుట్టినట్టు."

"నీ చీమల సంగతి నాకు తెలీదూ!" అన్నాడు. అన్నాడే గానీ, చెప్పిన రోజుకి వచ్చి బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

"నేను బతుకుతానా డాక్టరుగారూ?" అని ఆమె ఒక్కసారే అడిగింది. "చూద్దాం" అన్నాడాయన. ఎంతోమంది తల్లులతో తనూ అన్న మాటే అది. ఏమీ చెప్పలేనప్పుడే అనేది.

తమ్ముడి మూలుగ ఎర్రటి సంచిలో వచ్చి చుక్క చుక్కగా లోపలికి దిగింది. ఆ తర్వాత జ్వరం. జ్వరంలో మధ్యాహ్నాలు ఎంతకీ తెగేవి కావు. ఎదురుగా ఉన్న తెల్లగోడ మెత్తబడి పక్కకు జరిగేది. దాని వెనక తను పనిచేసిన వరండా, అందులో చొక్కా చేతులు పైకి మడుచుకున్న పిల్లల వరస. వరస చివర తనే, చిన్నపిల్లై గౌను వేసుకుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని. ఒక్కో అడుగు ముందుకు వేస్తుంటే ఒక్కోటీ చెరిగిపోయేది: ఉద్యోగం, పెళ్లి, చదువు, ఆఖరికి పేరు. హాయిగానే ఉండేది. "నీ టీకా కార్డేది?" అనేవారు కుర్చీలో కూర్చున్నవారు. చేతులు ఖాళీ. కార్డు లేని పిల్లను ఆమె ఏనాడూ వెనక్కి పంపలేదు, కానీ ఆ కుర్చీలో ఉన్నది ఆమె కాదు. అప్పుడు మాత్రం ప్రాణం ఝల్లుమనేది.

పదిహేడో రోజున కొత్త కణాలు కనిపించాయి. "బాగుంది, చూద్దాం" అన్నాడు డాక్టరు.

ఆరు నెలలకు మళ్లీ పిలిచారు. "మూలుగ మారింది కదా, పాత టీకాలేవీ ఇక పనిచెయ్యవమ్మా. పసిపిల్లలకి వేసినట్టు మొదట్నుంచీ వెయ్యాలి" అంది నర్సు. తమ్ముడు పగలబడి నవ్వాడు.

"దొరికావా అక్కా!"

"నోర్ముయ్."

"ఏం లేదమ్మా, చీమ..." అనబోయింది నర్సు.

"అబద్ధాలాడకు తల్లీ" అంది చీమమ్మ. సూది దిగింది. నిజంగానే నొప్పి పుట్టింది. ముప్పై రెండేళ్లలో తను సూది గుచ్చిన పిల్లలందరికీ మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

నర్సు కార్డు చేతికిచ్చింది. మొదటి గడిలో ఇవాళ్టి తేదీ. పక్క గడి ఖాళీ. చీమమ్మ కార్డు తిప్పి వెనక కూడా చూసింది. తను ఏ బిడ్డ కార్డునూ అలా ఇచ్చి పంపలేదు.

"మళ్లీ ఎప్పుడు రావాలో రాయలేదే?"

"అయ్యో, మర్చిపోయానమ్మా!" నర్సు గబగబా రాసింది. రెండు నెలల తర్వాతి తేదీ, దాని కింద ఇంకొకటి, దాని కింద వచ్చే ఏడాదిది.

వచ్చే ఏడాదిది. చీమమ్మ దాన్ని వేలితో తడిమి చదివింది. ఉండరనుకున్నవాళ్లకి ఎవరూ తేదీలు రాయరు. ఆమె నోరు తెరిచి, పసిపిల్లలా భోరుమంది.

తమ్ముడు కంగారుపడ్డాడు. "అంత నొప్పా అక్కా?"

"చాలా నొప్పిరా" అంది. కార్డు ఇమ్మని వాడు చెయ్యి చాపితే మాత్రం ఇవ్వలేదు.